గాలి వాకిట్లో ఊపిరాడని బండి

రాత్రిపూట తాయాపుంకు ఎక్కుడులో బండి ఆపినవాడు బాగుపడ్డట్టు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తాయాపుంకు అంటే గాలి వాకిలి. సోరాపాతా గనుల నుంచి మొల్యెపంపా లోయలోకి దిగాలంటే ముందు పైకెక్కి ఈ వాకిలి దాటాలి. ఇంకో దారి లేదు. రెండు కొండల మధ్య ఇరుకు సందు, అందులోంచి ఏడాది పొడుగునా గాలి. ఎండిన గడ్డి తప్ప ఏమీ ఉండదక్కడ. ఆ సందుకి ఇవతల, ఆఖరి ఎక్కుడు మొదలయ్యే మలుపులో రాళ్ళు పేర్చి కట్టిన చిన్న గూడు ఒకటుంది. గూట్లో ఇనప శిలువ. దాని చుట్టూ గుడ్డలు... శాలువాలు, దుప్పట్లు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటర్లు, ఎవరో పసిబిడ్డ టోపీ కూడా.

అవన్నీ ఆవిడకి.

పేరు మా లారీవాళ్ళెవరూ పలకరు. ఆవిడ అంటారు, అంతే. ఏనాటి సంగతో మరి — సంత చేసుకుని లారీ వెనక మూటల మీద కూర్చుని వస్తోందట. మంచు పడ్డం మొదలైంది. క్యాబిన్‌లోకి రానివ్వు నాయనా, నీకు పుణ్యముంటుంది అని వెనక అద్దం మీద కొట్టి కొట్టి అడిగింది. డ్రైవరు కసురుకున్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ పాపిష్టివాడు ఆ మలుపులోనే ఆమెని దింపేసి చక్కా పోయాడు. తెల్లారి వేరే బండివాళ్ళు చూసేసరికి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, అలాగే... కూర్చునే ఉంది.

అప్పట్నుంచీ ఆ ఎక్కుడులో బళ్ళు మరుగుతాయి. అన్నీ కాదు, ఎప్పుడో ఒకటి. అంతవరకూ చక్కగా నడిచిన బండే — మలుపు దాటగానే వేడెక్కిపోయి, పొగలు కక్కి నిలబడిపోతుంది. ఆవిడకి చలి కదా. వచ్చి బండి ముందు నిలబడి, రేడియేటర్‌ని గుండెలకి హత్తుకుంటుందట. వెచ్చబడేదాకా వదలదు.

అందుకని మావాళ్ళకి రెండు కట్టుబాట్లు. ఆ మలుపులో ఆగి, ఆవిడ కప్పుకోడానికి ఏదో ఒకటి ఇచ్చి పోవాలి, ఇది మొదటిది. బండి మరిగితే పక్కల నుంచి ఏం చూసుకుంటావో చూసుకో, చల్లారేదాకా కూర్చో, తెల్లారేదాకా కూర్చో... బండి ముందుకి మాత్రం వెళ్ళకు. ఆవిడ మొహం నీకు కనబడకూడదు. ఇది రెండోది.

హిలారియాకి ఇదంతా చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసి తెలిసీ ఆ రాత్రి బయల్దేరింది. బయల్దేరక ఏం చేస్తుంది? మొగుడు కళ్ళముందే పోయేట్టున్నాడు.

ఫెర్మిన్‌కి కొండ పట్టింది. పుట్టి పెరిగింది సోరాపాతాలోనే అయినా, కొన్ని నెలలు కింద వేడి ఊళ్ళల్లో అరటిగెలలు తోలి మొన్ననే హిలారియాతో కలిసి పైకొచ్చాడు. అలా దిగి మళ్ళీ ఎక్కినవాళ్ళని ఒక్కోసారి కొండ పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నిన్న దగ్గు. పొద్దున్నించి ఆయాసం. సాయంత్రానికి పెదాలు నీలంగా తిరిగి, ఛాతీలో గురగుర. దానికి మా దగ్గర మందు ఒక్కటే — వెంటనే కిందికి దింపెయ్యాలి. కిందికి దిగాలంటే ముందు ఇంకా పైకెక్కాలి. అదీ సోరాపాతా ఖర్మ.

ఊళ్ళో చూస్తే పండగ. బండి తోలగలిగిన ప్రతి మగాడూ పీకలదాకా తాగి, బ్యాండు మేళం పక్కన పడి దొర్లుతున్నాడు. మిగిలింది హిలారియా. మైదానంలో చాలాసార్లు తోలింది గానీ ఈ కనుమ రాత్రిపూట ఒంటరిగా ఎప్పుడూ ఎక్కించలేదు. బండి కూడా సామాన్యమైంది కాదు — ముక్కు పొడుగు పాతకాలపు లారీ, దాని పేరే మొండోడు. వెనక ఖనిజం బస్తాల లోడు. దింపడానికి మనుషులేరీ? అలాగే తీసింది.

ఫెర్మిన్‌ని సీటు మధ్యలో, హీటరు ఎదురుగా కూర్చోబెట్టి దుప్పటి చుట్టింది. కిటికీ పక్క సీటు ఖాళీ. అటువైపు తలుపు గొళ్ళెం సరిగా పడదు, గాలికి టపటపమంటుంది. బాగుచేయవయ్యా అని ఆరునెలలుగా పోరుతోంది. వింటేగా.

"అట్ట తీశావా?" అన్నాడు ఫెర్మిన్ బయల్దేరేముందు. అంత ఆయాసంలోనూ వాడి ధ్యాస బండి మీదే.

చలికి ఇంజను వేడెక్కదని రాత్రి నిలిపినప్పుడు మావాళ్ళు ముందు జాలీకీ రేడియేటరుకీ మధ్య కింద సందులోంచి ఒక అట్టముక్క దోపుతారు. గాలి తగలకుండా. తియ్యడం మర్చిపోయి ఎక్కుడెక్కితే ఇక అంతే సంగతులు.

"తీశా. ఇదిగో, నీ కాళ్ళ కింద ఉంది. నువ్వు మాట్లాడకు."

చీకటి. గతుకులు. మొండోడు మూలుగుతూ ఎక్కుతున్నాడు. హిలారియా కొండ మీద ఆయాసం రాకుండా నమిలే కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని, స్టీరింగ్ మీదికి వంగి, ఒక చెవి ఇంజను మీదా ఒక చెవి మొగుడి ఊపిరి మీదా పెట్టి తోలుతోంది.

మలుపు వచ్చింది.

దీపాల వెలుగులో గూడు కనబడింది. గాలికి గుడ్డలన్నీ లేచి రెపరెపలాడుతున్నాయి... చేతులూపుతున్నట్టే ఉంది చూడ్డానికి. ఆగాలి. ఆగి ఏదన్నా ఇవ్వాలి. "తల్లీ, వచ్చేటప్పుడు ఇస్తాను, ఈసారికి మన్నించు," అని గొణిగి గేరు దించి తొక్కింది.

సరిగ్గా అప్పుడే... గూటి వైపు నుంచి నల్లగా ఏదో లేచింది. నేల మీదనుంచి ఒక్క ఊపున దీపాల ముందుకొచ్చింది. మనిషంత ఉంది. చేతులు చాపింది —

హిలారియా కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణమే. తెరిచేసరికి ముందు రోడ్డు తప్ప ఏమీ లేదు. గుద్దిన చప్పుడూ లేదు. ఫెర్మిన్ వైపు ఒకసారి చూసి మళ్ళీ తొక్కింది. ఏమని చెబుతుంది?

ఎక్కుడు సగం ఎక్కారో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు కదిలింది.

"ఏమే..." అన్నాడు ఫెర్మిన్ కళ్ళు తెరవకుండానే. "ముల్లెక్కడుంది?"

"మధ్యలోనే."

"అబద్ధం. బండి... నాకు చెప్తోంది."

ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ రెక్కల సందుల్లోంచి ఆవిరి. కాలుతున్న వాసన. హిలారియా బ్రేకు తొక్కింది. హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి మీద చెయ్యి వేసింది.

"ఆపకు!" ఆ ఒక్క ముక్క గట్టిగా అనడానికి వాడి ఒంట్లో ఉన్న గాలంతా పోయింది. కాసేపు దగ్గి, చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "ఇంజను ఆపితే... నీళ్ళ తిరుగుడు ఆగిపోతుంది. హెడ్డు పగులుతుంది. ఈ చలికి మళ్ళీ... స్టార్ట్ కాదు. న్యూట్రల్. యాక్సిలరేటరు చేతిపిడి కొంచెం లాగి పెట్టు. హీటరు మొత్తం తిప్పు... ఇంజను వేడి ఇటు లాగుతుంది."

అలాగే చేసింది. క్యాబిన్ కొలిమి అయిపోయింది. ముల్లు పైకి పోవడం ఆగింది గానీ, కిందికి దిగలేదు.

"దిగి చూడు," అన్నాడు. "మొదట... కింద. కారుతోందా?"

హిలారియా దిగింది. గాలి చెంపదెబ్బ కొట్టింది. టైరు కింద రాయి పెట్టి, టార్చి పట్టుకుని బండి కింద పాకింది. పొడిగా ఉంది. చుక్క నీరు లేదు. వెనక్కి పరిగెత్తుకొచ్చి క్యాబిన్ మెట్టెక్కి చెప్పింది.

"బెల్టు?"

మళ్ళీ దిగింది. ఈ బండికి బానెట్ రెండువైపులా రెక్కల్లా లేస్తుంది, ముందుకు పోనక్కర్లేదు. అదే పదివేలు. ఎడమ రెక్క ఎత్తి చూసింది. బెల్టు బిగువుగానే ఉంది. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. టార్చి కొంచెం పక్కకి — ముందువైపుకి — జరగబోతే చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బెల్టు బానే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. మూత తీసి చూడనా?"

"మూత ముట్టుకోకు! మొహం... ఉడికిపోతుంది. ఇంత ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి."

"తెలుసులే. ఇక్కడ గంటలకొద్దీ ఉడికించినా బంగాళదుంప ఉడకదు, రేడియేటరు మాత్రం క్షణంలో ఉడుకుతుంది."

ఫెర్మిన్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతో పాటు పెదవి చివర గులాబీరంగు నురగ వచ్చింది. హిలారియా కొంగులాంటి తన పైబట్టతో తుడిచింది.  

"పైపులు..." అన్నాడు. "రేడియేటరు పైదొకటి... కిందదొకటి. ముట్టుకో. రెండూ వేడిగా ఉన్నాయా? ఒకటేనా?"

"రెండూ వేడైతే ఏంటి, ఒకటైతే ఏంటి?"

"చెప్తా. ముందు చూసి రా. పో..."

మూడోసారి దిగింది. పై పైపు మీద వేలు పెట్టి వెంటనే తీసేసింది, చుర్రుమంది. కింది పైపు కోసం లోపలికి వంగి తడిమింది. అదీ చుర్రుమంది. రెండూ ఒకేలా కాలుతున్నాయి.

"రెండూ!" అని అరుస్తూ మెట్టెక్కింది. "రెండూ కాలిపోతున్నాయయ్యా!"

ఫెర్మిన్ తల వెనక్కి వాలి ఉంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టింది.

"అయితే నీళ్ళు... తిరుగుతున్నాయి. వేడి... బయటికి పోవట్లేదు. గాలి..."

"గాలి? గాలికేమైంది?"

"గాలి... అందట్లేదు..."

"నీకా? బండికా? ఏమయ్యా! ఎవరికి?"

పలకలేదు. చెంప మీద కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. కళ్ళు తెరవలేదు. ఛాతీలో గురగుర మాత్రం వినబడుతోంది... ఆగుతోంది... మళ్ళీ వినబడుతోంది.

హిలారియా మెట్టు మీదే కూలబడింది. నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చింది. కింద గనుల ఊరు వైపు చూస్తే ఒక్క దీపం కనబడదు. పైన ఇరుకు సందు, దాన్ని దాటితే చాలు, అటు పక్క అంతా దిగుడే. ఇంతలో వీడి ప్రాణం పోతుంది. ఇంత దూరం తెచ్చి ఇక్కడ చంపుకుంటానా దేవుడా అనుకుంది.

ఏడుస్తూనే ఆలోచించింది. గాలి అందట్లేదన్న ఆ మాట మొగుడికి వర్తించినా బండికి వర్తించినా ఒకటే. ఇద్దరికీ ఊపిరాడట్లేదు. గాలి వాకిట్లో నిలబెట్టిన బండికి గాలి ఆడకపోవడం ఏమిటి? అట్ట తీసేసింది కదా. సీటు కింద చెయ్యి పెట్టి చూసింది. అట్ట అక్కడే ఉంది.

అట్ట కాకపోతే, రేడియేటరు ముందు ఇంకేదో అడ్డం నిలబడి ఉంది.

ఏదో కాదు. ఎవరో. దీపాల ముందుకొచ్చిన ఆ నల్లటి ఆకారం గుర్తొచ్చింది. 

లోపల మొగుడి ఛాతీలో గురగుర ఆగింది. ఆమె లెక్క మర్చిపోయేంతసేపు ఆగి — మళ్ళీ మొదలైంది.

అంతే. హిలారియా లేచింది.

మొహం కనబడకూడదు, అంతేగా. కళ్ళు గట్టిగా మూసుకుంది. మడ్‌గార్డు పట్టుకుని తడుముకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ, మావాళ్ళలో ఒక్క మగాడూ పోని చోటికి పోయింది. బంపర్ తగిలింది. దీపాల వేడి మొహానికి తగిలింది. మోకాళ్ళ మీద కూలబడి, అట్ట దోపే కింద సందులోకి చెయ్యి పోనిచ్చింది.

మెత్తగా తగిలింది.

వెచ్చగా ఉంది. తడిగా ఉంది. గుండె కొట్టుకుంటున్నట్టు అదురుతోంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి వెనక్కి రాలేదు. రానివ్వలేదామె. పిడికిలి బిగించి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. అది కూడా అటునుంచి గట్టిగా లాక్కుంది.

"వదులు," అంది గుసగుసగా. "వదులమ్మా. నీ కాళ్ళు మొక్కుతా."

గాలి ఈల వేసింది. ఇంజను మూలిగింది.

"చలికి చచ్చావు, నాకు తెలుసు. వాడెవడో పాపిష్టివాడు నిన్ను దింపాడు. నా మొగుడేం చేశాడే నీకు? మొన్న ఇటు వచ్చినప్పుడు ఉన్న ఒక్క మంచి శాలువా నీకే ఇచ్చాం కదా! చాలలేదా?" ఇక భయం పోయింది, కోపం వచ్చింది. కళ్ళు మూసుకునే అరిచింది. "నీకు చలైతే ఊళ్ళో బళ్ళన్నీ ఆపుతావా? లోపల హీటరు మొత్తం తిప్పి పెట్టాను. కొలిమిలా ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీ. పోయి కూర్చో! ఎవరూ నిన్ను దింపరు, నా బండి ఇది, నేను చెప్తున్నా. కిందదాకా తీసుకుపోతా. దీన్ని మాత్రం వదులు తల్లీ... వాడు చచ్చిపోతున్నాడు... వదులు!"

వదిలేసింది.

ఒక్కసారిగా వదిలేసరికి హిలారియా వెల్లకిలా రోడ్డు మీద పడింది. చేతిలో ఏదో ఉంది. ఎక్కడో వెనక టప్‌మని తలుపు పడిన చప్పుడు. ఆ పాడు గొళ్ళెం, గాలికి కొట్టుకుంటోంది అనుకుంది.

కళ్ళు తెరవక తప్పలేదు. తెరిచింది.

దీపాల వెలుగు. ఖాళీ రోడ్డు. బండి ముందు ఎవరూ లేరు. చేతిలో తడిసి, దుమ్ము పట్టి, ఆవిర్లు కక్కుతున్న గుడ్డ.

విప్పి చూసింది. శాలువా. గోధుమరంగు శాలువా, ఒక మూల ఎర్ర ఉన్నితో కుట్టిన చిరుగు. ఆ కుట్టు ఆమెదే. ఆ శాలువా ఆమెదే!

మొన్న వస్తున్నప్పుడు ఫెర్మిన్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు — దిగి, గూటి దగ్గర పెట్టి, మీద రాయి పెట్టి రావే అని. ఎవరు దిగుతారు ఆ చలిలో? కిటికీలోంచి విసిరేసింది. అది ఏ గడ్డిలోనో చిక్కుకుని రెండు రోజులు పడుండి, ఇవాళ బండి రాగానే గాలికి లేచి, బంపర్ కింద సందులోంచి దూరి రేడియేటరుకి అతుక్కుపోయింది. వెనకనుంచి ఫ్యాన్ పీల్చి పట్టుకుంది. అంతే. దెయ్యమూ లేదు, దాని తద్దినమూ లేదు!

హిలారియా రోడ్డు మధ్య కూర్చుని పకపకా నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. ఇన్నేళ్ళూ బళ్ళు మరిగాయని గుడ్డలిచ్చారు. ఆ గుడ్డలే ఎగిరొచ్చి బళ్ళని మరిగించాయి. మరిగినకొద్దీ భయపడి ఇంకా ఇచ్చారు. ముందుకెళ్ళి చూసిన మొనగాడు ఒక్కడుంటేగా! తెల్లారేసరికి ఇంజను ఆగి, ఫ్యాన్ ఆగి, గుడ్డ కిందికి జారి గాలికి పోతుంది. ఆవిడ దయతలచి వదిలేసిందంటారు.

నవ్వడానికి టైము లేదు. క్యాబిన్‌లోకి తొంగి చూస్తే ముల్లు అప్పుడే కిందికి దిగుతోంది. గాలి వాకిలి గాలంతా రేడియేటర్లోకి దూరుతోంది మరి. ముల్లు బాగా దిగేదాకా పళ్ళు బిగబట్టి ఆగింది. తర్వాత అదే శాలువా మడతలు వేసి చేతికి చుట్టుకుని, మూతని కొంచెం కొంచెంగా తిప్పింది. బుస్సుమని ఆవిరి పోయింది. ఆ కొండ మీద నీళ్ళెక్కడ వెతుకుతుంది? ఫ్లాస్కులో ఫెర్మిన్ కోసం తెచ్చిన కోకా టీ ఉంది. ఇంజను తిరుగుతుండగానే సన్నగా ధారగా మొత్తం పోసేసింది.

"తాగరా మొండోడా," అంది. "నీక్కూడా కొండ పట్టిందిగా."

రాయి తీసి, ఎక్కి కూర్చుంది. శాలువా ఇంకా వెచ్చగా ఉంది, ఫెర్మిన్ ఛాతీ మీద కప్పింది. గేరు వేసింది. మొండోడు కదిలాడు... ఎక్కాడు... ఇరుకు సందులోకి దూరాడు. అటువైపు దిగుడు.

ఆ దిగుడంతా మలుపులే. ప్రతి మలుపు దగ్గరా ఫెర్మిన్ ఎక్కడ పక్కకి ఒరిగిపోతాడోనని ఒక చెయ్యి చాపుతూనే ఉంది. వాడు ఒరగలేదు. నిటారుగా కూర్చున్నాడు. కిందికి దిగుతున్నకొద్దీ ఊపిరి సర్దుకుంటోంది కాబోలు అనుకుంది. కిటికీ పక్క తలుపు కూడా మళ్ళీ టపటపలాడలేదు. ఆమె చూపంతా రోడ్డు మీదే. ఎక్కడా బండి ఆపలేదు.

తెల్లవారుజామున మొల్యెపంపా ఆరోగ్యకేంద్రం తలుపు బాదింది. నర్సు ఎదువిహెస్ పైజామా మీదే పరిగెత్తుకొచ్చి, ఆక్సిజన్ పెట్టి, సూది వేసి, హిలారియా వైపు చూసి ఒకటే మాట అంది. "ఇంకొంచెం ఆలస్యమైతే నువ్వు తెచ్చేది శవాన్నే తల్లీ."

హిలారియా, పాపం, అప్పుడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

మధ్యాహ్నానికి ఫెర్మిన్ పెదాలు మనిషి రంగుకొచ్చాయి. కళ్ళు తెరిచాడు. హిలారియా మంచం మీద కూర్చుని మొత్తం కథ చెప్పింది — కారడం, బెల్టు, పైపులు, సందు, శాలువా. చేతులు తిప్పుతూ, ఫ్యాన్ ఎలా పీల్చిందో నర్సుకి కూడా చూపించింది. ఆవిడ రేడియేటర్‌ని కావలించుకోడం లేదు, చట్టుబండలూ లేదు, రాయి పెట్టని గుడ్డలు చేసే పని ఇదంతా అని తేల్చేసింది.

ఫెర్మిన్ మాస్కు పక్కకి జరిపాడు. "రాయి పెట్టమన్నానా, లేదా?"

"అన్నావు."

"పెట్టావా?"

"లేదయ్యా మహానుభావా, తప్పయింది. ఇప్పుడు చెప్పులతో కొడతావా? ఊపిరి పీల్చుకో ముందు."

వాడు నవ్వాడు. ఈసారి దగ్గు రాలేదు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని హిలారియా లేవబోయింది.

"ఇంతకీ," అన్నాడు, "ఆ అమ్మ ఎక్కడ దిగింది?"

"ఏ అమ్మ?"

"కిటికీ పక్కన కూర్చున్నావిడ. పాపం, దారంతా నన్ను పట్టుకునే కూర్చుంది. మలుపు మలుపుకీ పడకుండా... చేతులు మాత్రం మంచుముక్కలే. పైన ఎక్కించుకున్నావుగా?"

లేవబోయిన హిలారియా మళ్ళీ కూర్చుంది.

"కింద లోయలో మొల్యె చెట్లు మొదలైన దగ్గర ఆ చేతులు వెచ్చబడ్డాయే," అన్నాడు ఫెర్మిన్ నిద్రమత్తులో. "తర్వాత చూస్తే లేదు. నాలుగు మంచి మాటలైనా చెప్పలేదు ఆవిడకి."

ఊపిరందనివాళ్ళకి లేనివన్నీ కనబడతాయి, ఇలాంటివి వారానికొకటి వింటాను అంది నర్సు. అయ్యుండొచ్చు. హిలారియా కూడా తల ఊపింది. తల ఊపి, మెల్లగా బయటికి, బండి దగ్గరికి నడిచింది.

కిటికీ పక్క తలుపు గొళ్ళెం గట్టిగా పడి ఉంది. అంతవరకూ ఎప్పుడూ అలా పడింది లేదు. క్యాబిన్ అంతా వెతికింది. సీటు కింద అట్ట ఉంది. ఖాళీ ఫ్లాస్కు ఉంది. మొగుడికి చుట్టిన దుప్పటి ఉంది. శాలువా లేదు. లోపలికొచ్చి నర్సుని అడిగింది. ఈయన్ని దింపినప్పుడు ఒంటిమీద శాలువా ఏమీ లేదమ్మా అంది నర్సు.

ఇప్పుడు మావాళ్ళందరూ ఆ గూటి దగ్గర గుడ్డ మీద రాయి పెట్టే పోతున్నారు. ఆ తర్వాత తాయాపుంకు ఎక్కుడులో ఒక్క బండీ మరగలేదు. రాళ్ళు పెట్టబట్టే అని హిలారియా అందరితోనూ వాదిస్తుంది. ఎవరైనా కాదంటే ఒంటికాలి మీద లేస్తుంది. పైపులు ముట్టుకుని ఎలా కనిపెట్టాలో కూడా చెబుతుంది.

కానీ ఆ మలుపు దాటేటప్పుడు మాత్రం, ఎంత లోడున్నా సరే, కిటికీ పక్క సీటు మీద ఎవర్నీ మూట పెట్టనివ్వదు.